లాసన్స్ బే కాలనీలో పింక్ ఫ్లాయిడ్ సాయంత్రం: ఎవరి వయసుకు ఎంత వినిపించింది

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు దిగే వీధుల్లో ఒకదానిలో, పాత డాబా ఇంటి రెండో అంతస్తును కాఫీ కొట్టుగా మార్చి నడుపుతున్న ఒక యువజంట నెలకో శనివారం సాయంత్రం ఎల్పీ రికార్డులు వినిపించే కార్యక్రమం పెడుతున్నారు. టికెట్టు 600 రూపాయలు. ఒక ఫిల్టర్ కాఫీ, ఒక పళ్ళెం ఉల్లి పకోడీ అందులోనే వస్తాయి. ఒక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా, పాటల మధ్య వ్యాఖ్యానం లేకుండా వినిపించడం వారి నియమం. ఈసారి వారు ఎంచుకున్నది పింక్ ఫ్లాయిడ్ అనే బ్రిటిష్ రాక్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన 'ది డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్'. దాని వెనువెంటనే, అదే ఆల్బమ్‌ను ఆ బృందపు పాత సభ్యుడు రోజర్ వాటర్స్ 2023 అక్టోబరులో తన సొంతంగా మళ్ళీ రికార్డు చేసి తెచ్చిన 'రీడక్స్'ను కూడా వినిపించారు. పద్దెనిమిదేళ్ళ విద్యార్థుల నుంచి డెబ్బై దాటిన ఉద్యోగ విరమణదారుల వరకు కూర్చున్న ఆ గదిలో ఒకే సాయంత్రం అందరికీ సరిపోయిందా అన్నదే ఈ సమీక్షలో నేను ప్రధానంగా చూసిన విషయం. వినిపించిన తీరు వరకు సరిపోయిందనీ, దాని చుట్టూ చేర్చిన హంగుల్లో చాలా భాగం ఒకే తరానికి కుట్టిన చొక్కాలా ఉందనీ నా అభిప్రాయం.

ఏర్పాట్లలో అన్నిటికన్నా ఆలోచించి చేసినది కూర్చోబెట్టిన పద్ధతి. స్పీకర్లకు దగ్గరగా, వీపు ఆనించుకునే వీలున్న కుర్చీలు రెండు వరుసలు వేసి వాటిని అరవై దాటినవారికి కేటాయించారు. వెనక నేల మీద చాపలు, దిండ్లు పరిచారు. పైకి ఇది పెద్దలకు చేసే మర్యాదలా కనిపిస్తుంది గాని, దీని వెనక వినికిడి లెక్క కూడా ఉంది. వయసు పైబడేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి హెచ్చు పౌనఃపున్యం గల ధ్వనులు. తాళపు పళ్ళెం (సింబల్) మీద కర్ర తాకిన చప్పుడు, గిటారు తీగ మీద వేలు జారిన శబ్దం, పాటలోని హల్లుల పదును పలచబడుతూ వస్తాయి. అందుకే పెద్దవారు సౌండు పెంచమంటారు, పెంచితే పిల్లల చెవులకు చేటు. వినోద స్థలాల్లో పదిహేను నిమిషాల సగటు 100 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రమాణం ప్రకటించింది. ఫోన్‌లో చూసే కొలత పక్కా లెక్క కాదు గాని, చాపల దగ్గర నాకు కనిపించిన అంకె 90కి దిగువనే ఆడింది. సౌండు పెంచే బదులు పెద్దవారిని ముందుకు జరపడం తెలివైన పని.

రికార్డుల నిర్వహణ కూడా మెచ్చుకోదగినది. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్ళో అట్ట కవర్లకు ఒక్క వానాకాలంలోనే బూజు పడుతుంది. వీరు ప్రతి కవరునూ ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, అల్మరాలో తేమను పీల్చే పొట్లాలు సర్ది ఉంచారు. సూది దించే ముందు రికార్డును మెత్తని బ్రష్షుతో తుడవడం చూశాను. అయితే ఇంత శ్రద్ధ ఉన్నవారికి మెట్ల సంగతి తట్టకపోవడం ఆశ్చర్యమే. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి, ఒక మలుపులో పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ముందు వరుస కుర్చీలు ఎవరి కోసం వేశారో వారే ఆ కుర్చీల దాకా చేరడానికి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది.

విశాఖపట్నంలో ఈ బృందానికి అభిమానులు ఉండడం కొత్తవారికి వింతగా తోచవచ్చు. రేవు, షిప్‌యార్డు, తూర్పు నౌకాదళ కేంద్రం, దేశం నలుమూలల నుంచి ఉద్యోగులు వచ్చి స్థిరపడిన ఉక్కునగరం ఉన్న ఊరు ఇది. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన వాణిజ్య నౌకల మీద పనిచేసిన రోజుల్లో విదేశపు రేవులో ఈ రికార్డు కొన్నారట. నా తరంవారు ఆంధ్ర విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో, రికార్డింగ్ సెంటర్లలో నింపించుకున్న క్యాసెట్ల ద్వారా దీన్ని విన్నారు. ఈ ఆల్బమ్ నిడివి సుమారు 43 నిమిషాలు, ఇదే బృందం 1975లో తెచ్చిన 'విష్ యూ వర్ హియర్' సుమారు 44 నిమిషాలు కాబట్టి, 90 నిమిషాల ఖాళీ క్యాసెట్‌కు అటొకటి ఇటొకటి అతికినట్టు సరిపోయేవి. మాకు అవి రెండు ఆల్బములు కావు, ఒకే వస్తువు. కవరు లేదు, బొమ్మ లేదు, పాడినవారి ముఖాలు తెలియవు. క్యాసెట్ డబ్బా మీద స్నేహితుడి చేతిరాతే మాకు తెలిసిన అట్ట. వెనక చాపల మీద ఉన్నవారిలో చాలామందికి ఈ పాటలు ఫోన్‌లోకి వచ్చాయి, లేదా కారులో నాన్న పెట్టగా చెవిలో పడ్డాయి.

ఈ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపించిన క్షణం ఒకటి ఉంది. రికార్డు మొదటి వైపు, గాయని క్లేర్ టోరీ మాటలు లేకుండా గొంతెత్తి ఆలపించిన గీతంతో ముగుస్తుంది. సూది లేచింది, గది నిశ్శబ్దమయింది. ముందు వరుసలోని పెద్దలు కొందరు వెంటనే కుర్చీలు జరుపుకొని కాఫీ కోసం లేచారు. ఎల్పీ ఇంట్లో ఉన్నవారికి అది విరామమని ఒంటికే తెలుసు. నా ఈడువారు కదలలేదు, తరువాతి పాటలోని నాణేల గలగల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు, ఎందుకంటే క్యాసెట్ నింపేవాడు రికార్డు తిప్పేటప్పుడు బటన్ నొక్కి ఆ ఖాళీని మింగేసేవాడు. చాపల మీద పిల్లలు యంత్రం చెడిందేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిర్వాహకురాలు రికార్డును తిరగవేసి, మళ్ళీ తుడిచి, సూది దించేవరకు ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ సంయమనం నాకు నచ్చింది.

శ్రోత వయసుకూ అభిమానానికీ ఉన్న సంబంధం మీద పరిశోధకులు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు. మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషికి అత్యంత ఇష్టంగా మిగిలే పాటలు అతడికి సుమారు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ వయసులో వచ్చినవని తేలింది. దానికి మనకు పరిశోధన అక్కరలేదేమో; ఇళయరాజా పాటల్లో ఏవి గొప్పవని అడిగితే, వచ్చిన జవాబును బట్టి ఆ మనిషి డిగ్రీ ఏ సంవత్సరంలో పూర్తిచేశాడో చెప్పేయవచ్చు. అంతకన్నా ఆసక్తికరమైనది కరోల్ క్రుమ్‌హాన్స్ల్, జస్టిన్ జుప్నిక్ 2013లో వెలువరించిన అధ్యయనం. ఇరవై ఏళ్ళ వయసువారు తమ కాలపు పాటలతోబాటు తమ తల్లిదండ్రుల యౌవనంలో వచ్చిన పాటలకు కూడా ప్రత్యేకంగా స్పందిస్తారని అందులో కనిపించింది. తండ్రి పక్కన చాప మీద కూర్చుని, ఆయన కన్నా ముందే ప్రతి గిటారు మలుపునూ వేలితో గాలిలో గీస్తున్న ఒక అమ్మాయిని చూశాక, ఆ మాట నాకు కాగితం మీది మాటలా అనిపించలేదు. "మా నాన్నగారు కారులో వేరేవి పెట్టనిచ్చేవారు కాదండీ, మొదట్లో విసుగొచ్చేది" అని ఆమె నవ్వుతూ చెప్పింది.

ఈ ఆల్బమ్‌ను వయసు కోణంలో వినడానికి దానిలోనే ఒక కారణం ఉంది. 'టైమ్' అనే పాట, చూస్తూ ఉండగానే పదేళ్ళు గడిచిపోయాయని ఉలిక్కిపడిన మనిషి గురించి రాసినది. రాసిన వాటర్స్‌కు ఆల్బమ్ విడుదలైనప్పుడు 29 ఏళ్ళు. బృందంలోని నలుగురిలో ఒక్కరికీ ముప్పై నిండలేదు. పద్దెనిమిదేళ్ళప్పుడు ఆ పాట మొదట్లో రికార్డింగ్ ఇంజినీర్ అలన్ పార్సన్స్ సమకూర్చిన గడియారాల గంటల హోరు కోసమే వింటాం. నలభైలో మాటలు వినపడడం మొదలవుతుంది. గడియారాలు ఒక్కసారిగా మోగినప్పుడు వెనక పిల్లలు కేరింత కొట్టారు, నా పక్కన ఉన్న బ్యాంకు ఉద్యోగి మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆల్బమ్ 1973 నుంచి 1988 వరకు అమెరికాలోని బిల్‌బోర్డ్ జాబితాలో 741 వారాలు నిలిచిందంటే, ఏ ఏటికా ఏడు ఇరవై దాటుతున్న కొత్త తరం వచ్చి దాన్ని కొనడం ఒక కారణమైతే, పాతవారు దాన్ని వేరే పాటలా మళ్ళీ వినగలగడం మరో కారణమని నేను అనుకుంటాను.

బృందంలోని తగాదాల విషయంలో కూడా వయసు గీత గీసింది. 1985లో వాటర్స్ బయటికి వెళ్ళడం, మరుసటి ఏడు బృందం పేరు కోసం కోర్టుకెక్కడం, 1987 చివరలో రాజీపడడం అన్నవి ఆ కాలంలో యువకులుగా ఉన్నవారికి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. వాటర్స్ లేకుండా వచ్చిన ఆల్బములను ముట్టనివారు ఆ గదిలో ఉన్నారు, గిటారిస్టు డేవిడ్ గిల్మర్ వాయిద్యం లేనిదే అది ఆ బృందమే కాదనేవారూ ఉన్నారు. 2007 ఫిబ్రవరిలో వాటర్స్ ముంబైలో చేసిన కచేరీకి కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి వచ్చిన ఒకాయన మొదటి పక్షం. 2005 జులై 2న లండన్‌లో లైవ్ 8 అనే కచేరీ వేదిక మీద నలుగురూ మళ్ళీ కలిసి వాయించిన తరువాత, 2008లో కీబోర్డు వాద్యకారుడు రిచర్డ్ రైట్ మరణంతో ఆ నలుగురూ మరోసారి కలిసే అవకాశం శాశ్వతంగా పోయింది. పిల్లలకు ఇదంతా పట్టదు. వారి ఫోన్‌లో 1967 నాటిదీ 1994 నాటిదీ పక్కపక్కనే ఉంటాయి, ఎవరు ఎవరితో మాట్లాడడం మానేశారన్నది వారు వినే వరసను మార్చదు. పక్షం పట్టకుండా ప్రేమించడం నా తరానికి చేతకాలేదని ఒప్పుకోవలసిందే.

రెండో భాగంగా 'రీడక్స్' వినిపించాలన్న ఆలోచన ఈ సాయంత్రపు అసలు సాహసం. ఎనభై నిండిన వాటర్స్ అవే పాటలను నెమ్మదిగా, గొంతు తగ్గించి, చాలాచోట్ల పాడడం మాని చదువుతారు. గిటారు విన్యాసాలు దాదాపు లేవు. వాటి స్థానంలో ఆయన కొత్తగా రాసుకున్న మాటలు ఉన్నాయి. ఇది పెద్దలకు రుచించదనీ, పిల్లలు ఓపిక పడతారనీ నేను ఊహించాను. జరిగింది వేరు. తీవ్రంగా విసుక్కున్నవారు నలభై ఐదు నుంచి అరవై మధ్యవారు. ఆ గిటారు లేకపోతే తమ హాస్టల్ గది తలుపు మూసుకుపోయినట్టు బాధపడ్డారు, ఇద్దరు ముగ్గురు మధ్యలోనే మెట్లు దిగిపోయారు. పిల్లలు ఫోన్లు తీశారు. డెబ్బై దాటిన ముందు వరుస మాత్రం కదలకుండా విన్నది. ఓడల మీద పనిచేసిన పెద్దాయన తరువాత నాతో, "ఇప్పుడు ఆయన నా వయసువాడిలా మాట్లాడుతున్నాడు బాబూ, మొదటిది నాకు పాత స్నేహితుడి పెళ్ళి ఫోటోలా ఉంటుంది" అన్నారు. ఒక గదిలో కనబడిన దాన్ని లోకరీతిగా చెప్పలేను. అయినా, తాము ముసలివారవుతున్నామని ఇంకా ఒప్పుకోని వయసువారికే గాయకుడు ముసలివాడు కావడం అన్నిటికన్నా కష్టంగా ఉన్నట్టు నాకు తోచింది. సంగీతంగా చూస్తే నాకూ 'రీడక్స్' మీద పెద్ద ఇష్టం లేదు, మధ్యభాగం మరీ సాగుతుంది. కాని రెండింటినీ ఒకదాని వెంట ఒకటి వినిపించినందుకు నిర్వాహకులకు పూర్తి మార్కులు వేస్తాను.

చివర పెట్టిన క్విజ్‌కు మాత్రం వేయలేను. క్లేర్ టోరీకి ఆనాడు ఎంత ముట్టజెప్పారు, కవరు మీది పట్టకం బొమ్మ గీసినది ఎవరు వంటి ప్రశ్నలే అన్నీ. ముప్పై పౌండ్లు, జార్జ్ హార్డీ అని ఠక్కున చెప్పేవారు పత్రికలు చదివి పెరిగిన మధ్యవయస్కులే, బహుమతులన్నీ వారికే వెళ్ళాయి. అభిమానానికి సమాచారమే కొలత అనుకోవడం మా తరపు జబ్బు, దాన్ని కుర్రవాళ్ళకు అంటించనక్కరలేదు. పట్టకం బొమ్మ ఉన్న టీషర్టు వేసుకొచ్చిన ఒక కుర్రవాణ్ణి ఆల్బమ్‌లోని పాటల పేర్లు చెప్పమని ఒకాయన నిలదీయడం మరీ అసహ్యంగా ఉంది. ఆ అబ్బాయి తెలుసుకోవడానికే 600 రూపాయలు పెట్టి వచ్చాడు. ఆ 600 కూడా ఉద్యోగస్తులకు ఎక్కువ కాదు గాని, హాస్టల్ విద్యార్థికి బరువే. విద్యార్థులకు సగం ధర పెడితే చాపలు ఇంకా నిండుతాయి.

పకోడీ వేడిగా, కరకరలాడుతూ వచ్చింది, ఉల్లి మాత్రం తక్కువ. కాఫీలో చికోరీ ఎక్కువై చేదు తేలింది. విరామంలో అందరూ ఒకేసారి లేవడంతో కొందరికి చల్లారినదే దక్కింది. బండ్లు పెట్టుకోవడానికి వీధిలో స్థలం చాలదు, ఆటోలో రావడం మేలు. వచ్చే నెల ఇదే బృందపు 1994 నాటి ఆల్బమ్ 'ది డివిజన్ బెల్' వినిపిస్తారట. అది వచ్చినప్పుడు కాలేజీలో ఉన్నవారు ఇప్పుడు యాభై దగ్గర ఉంటారు, వారు ఎగబడి వస్తారు కాబట్టి టికెట్టు ముందుగానే తీసుకోవడం మంచిది. మోకాళ్ళ నొప్పులున్నవారు ఫోన్ చేసి చెబితే మెట్ల దగ్గరికి మనిషిని పంపిస్తామని నిర్వాహకులు మాట ఇచ్చారు.