ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో ఆరేళ్ళుగా నా 8×42 బైనాక్యులర్

ఇది కొని ఆరేళ్ళు దాటింది. 8×42 అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. మాఘం నుంచి వైశాఖం దాకా ఆదివారం తెల్లవారుజామునే నెల్లూరులో బండి తీయడం, ఇస్కపల్లి ఉప్పు కయ్యల గట్ల మీద నడవడం, తొమ్మిదికల్లా తిరిగి రావడం. మెడలో ఎప్పుడూ ఇదే.

అంతకుముందు 10×50 ఉండేది. పెద్దగా చూపిస్తే చాలనుకుని కొన్నాను. సముద్రం గాలికి చెయ్యి కాస్త ఊగితే బొమ్మ పదింతలు ఊగుతుందని అంగడిలో నిలబడి చూస్తే తెలియదు కదా! ఏప్రిల్లో పొద్దెక్కితే కయ్యల మీద సెగ లేస్తుంది. అప్పుడు ఎన్ని ఇంతలున్నా కనిపించేది వణికే మరకే.

కర్లూ శాండ్‌పైపర్లనే చిన్న వలస పిట్టల్ని తేటగా చూసింది దీంతోనే. చలికాలమంతా బూడిదరంగులో ఉంటాయి, కిందికి వంగిన ముక్కుతో గుర్తుపట్టాలి. మార్చి చివర పొట్ట మీద ఇటుకరంగు మచ్చలు మొదలవుతాయి. గుడ్లు పెట్టడానికి సైబీరియా ఉత్తరపు కొసకి బయల్దేరే లోపు కొన్ని పూర్తిగా ఎర్రబారతాయి. సగం బూడిద, సగం ఎరుపుగా ఉన్న పిట్టని చూస్తే సున్నం వేస్తూ మధ్యలో ఆపేసిన గోడలా ఉంటుంది.

అయినా నేను దీన్ని వదలకపోవడానికి కారణం పిట్టలు కాదు, సీతాకోకచిలుకలు. పాతదాంట్లో సీతాకోకచిలుకని చూడాలంటే నేను ఐదారు మీటర్లు వెనక్కి జరగాలి, ఆలోపు అది ఎగిరిపోయేది. దీంట్లో రెండు మీటర్ల దూరంలోనే ఫోకస్ కుదురుతుంది. నైరుతి వానలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పుకి వలస వచ్చే డార్క్ బ్లూ టైగర్ ఒకటి, సరుగుడు తోపు పక్కన ఎండిపోయిన గిలిగిచ్చ మొక్క మీద వాలింది. పువ్వు లేదు, తేనె లేదు. ఎండిన కాడనే నాలుకతో తడిపి పీలుస్తోంది. ఆడదాన్ని ఆకర్షించే వాసనకి మగవాటికి కావలసిన సరుకు అందులో ఉంటుంది. కింది రెక్కమీద చిన్న జేబులాంటి ఉబ్బు కూడా కనిపించింది, అది మగదని దాంతోనే తేల్చుకున్నాను.

లోపాలు లేకపోలేదు. ఇసుక పోయి ఫోకస్ చక్రం బిగుసుకుంది. రిపేరుకి ఇచ్చిన చోట రెండు నెలలు ఉంచుకుని, అలాగే తిరిగిచ్చారు. అద్దం మీద గీతలు మాత్రం నా పుణ్యమే: ఉప్పు తుంపర్లని పొడి తువ్వాలుతో తుడిచాను. ఇది నీళ్ళు చొరని రకం కాబట్టి ఇప్పుడు ముందు మంచినీళ్ళు పోసి కడుగుతున్నాను. సూళ్ళూరుపేట–శ్రీహరికోట రోడ్డు మీద నిలబడి పులికాట్‌లో దూరాన ఉన్న రాజహంసల్ని చూడాలంటే ఇది చాలదు, దానికి స్టాండు మీద పెట్టే స్కోపు కావాల్సిందే.

ఎడమ కంటి రబ్బరు జిగట పట్టి ఊడిపోయింది. సైకిల్ ట్యూబు ముక్క కోసి తొడిగాను. మా ఆవిడ చూసినప్పుడల్లా నవ్వుతుంది గానీ, కళ్ళజోడుకి గీతలు పడటం ఆగింది.