కాంతారావు కత్తి తిప్పని కోట

మా నాన్నది కోదాడ పక్క ఊరు. జానపద సినిమాల హీరో కత్తి కాంతారావు పుట్టిన గుడిబండ అక్కడికి దగ్గరే. అందుకని జానపద సినిమా అంటే మా ఇంట్లో సొంత మనిషి సినిమా కింద లెక్క. కడప జిల్లా గండికోట పోదామనగానే ఆయన మోకాళ్ల నొప్పి ఊసెత్తకుండా సంచి సర్దేశాడు.

జమ్మలమడుగు దాకా బస్సు, అక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లు ఆటో. రానూపోనూ కలిపి మాట్లాడుకోండి, సాయంత్రం తిరుగు ఆటో దొరకడం కష్టం.

మొదటి రాత్రి టెంటు తీసుకున్నాం. ఫొటోల్లో బ్రహ్మాండం. రాత్రి ఒంటిగంట దాకా పక్క టెంటులో పాటలు, బాత్రూంకి టార్చి పట్టుకుని నడక. పెద్దవాళ్లతో అయితే వద్దు. మర్నాడు టూరిజం వాళ్ల హరిత హోటల్‌కి మారాం. గది మామూలుదే గానీ మంచం, నీళ్లు, వేడి అన్నం ఉన్నాయి. మాకదే రాజభోగం.

కోట ద్వారం దగ్గరే అరగంట ఆగిపోయాం. దారి తిన్నగా పోదు, గోడల మధ్య మలుపు తిరిగి లోపలికెళ్తుంది. శత్రువు ఏనుగుల్ని ఉరికించి తలుపులు గుద్దకుండా ఆ ఏర్పాటు. నాన్న అటూ ఇటూ చూసి, "ఏందిరా, గుర్రం దౌడు తీసే జాగానే లేదు!" అన్నాడు. నిజమే, ఆయన చిన్నప్పట్నుంచీ చూసిన కోటలు మద్రాసు స్టూడియోల్లో వేసినవి. 1951 నాటి పాతాళభైరవికి గోఖలే, కళాధర్ కళాదర్శకులు. అలాంటివాళ్లు వేసే కోటలో ముందు హీరోకి చోటు చూస్తారు.

లోపల బోర్డులు తక్కువ. మసీదు, మాధవరాయస్వామి గుడి తీరిగ్గా చూడాల్సినవే, కానీ నాన్నకి నచ్చింది ధాన్యాగారం. ఆ చీకట్లో నిలబడి మాంత్రికుడి నవ్వు నవ్వాడు. గోడలు మళ్లీ నవ్వాయి. అప్పుడే లోపలికొస్తున్న ఇద్దరు పిల్లలు వెనక్కి పరుగు.

పెన్నా లోయ అంచున రెయిలింగ్ లేదు, సెల్ఫీల దగ్గర జాగ్రత్త. తెల్లారుజామున వెళ్తే ఎర్రరాళ్ల మీద ఎండ పడటం చూడొచ్చు.

దిగేటప్పుడు నాన్న మెట్ల మీద గొడుగు దూసి ఒక్కో మెట్టూ వెనక్కెక్కాడు. "అప్పటి సినిమాల్లో మనిషి నిలువునా కనపడేవాడు, కత్తీ కనపడేది. ఇప్పుడంతా దుమ్మే" అన్నాడు. నాలుగో మెట్టు మీద మోకాలు పట్టేసింది. ఆ గొడుగే ఊతకర్రగా ఆటో దాకా నడిచాడు.