పోక్సో ఫైలు అట్ట మీద ఏ నంబరు?

పోక్సో కేసులు, అంటే పిల్లలపై లైంగిక నేరాల కేసులు చూసే లాయరు ఆఫీసుల్లో కొత్తగా చేరిన గుమస్తాలు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఫైలుకు గుర్తుగా ఏం రాయాలి: బిడ్డ పేరా, ఎఫ్‌ఐఆర్‌కు పోలీసులిచ్చే క్రైమ్ నంబరా, కోర్టుల కంప్యూటర్ వ్యవస్థ కేసుకు ఇచ్చే సీఎన్ఆర్ నంబరా, ఆఫీసు సొంత కోడా?

పేరు వద్దే వద్దు. పొడి అక్షరాలు కూడా వద్దు. కోర్టు వరండాలో బెంచీ మీద పెట్టిన ఫైలు అట్టను పక్కన కూర్చున్నవాళ్లందరూ చదువుతారు. దాని మీద 'కె.ఎస్., 13 ఏళ్లు, ఫలానా గ్రామం' అని ఉంటే ఆ ఊరివాళ్లకు పేరు చెప్పినట్టే. పేరే కాదు, బిడ్డ ఎవరో తెలిసిపోయే ఏ వివరమూ బయటపెట్టకూడదని 2018లో నిపుణ్ సక్సేనా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

క్రైమ్ నంబరు పోలీసులకూ పీపీకీ (పబ్లిక్ ప్రాసిక్యూటరుకు) నోటికి వచ్చే నంబరు, అందుకే అందరూ దానికే అలవాటు పడతారు. కానీ అది ఏటా ప్రతి స్టేషన్‌లోనూ ఒకటి నుంచి మొదలవుతుంది. జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి లేని స్టేషన్‌లో నమోదైనది) అయితే పరిధి ఉన్న స్టేషన్‌కు వెళ్లగానే మారిపోతుంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో అక్కాచెల్లెళ్లిద్దరూ ఉంటే ఎవరి కాగితాలు ఎవరివో కలిసిపోతాయి.

సీఎన్ఆర్‌లో 16 అక్షరాలు, అంకెలు ఉంటాయి, దేశంలో ఇంకే కేసుకూ అదే నంబరు ఉండదు. ఈకోర్ట్స్ యాప్‌లో వాయిదా చూసుకోవడానికి దాన్ని మించింది లేదు. చిక్కల్లా అది కోర్టులో దాఖలయ్యాకే పుడుతుంది. చార్జ్‌షీటుకు ముందు చేతికొచ్చేది చాలాసార్లు నిందితుడి బెయిల్ పిటిషన్ సీఎన్ఆర్. దాన్నే అట్ట మీద అంటిస్తే, బెయిల్ తేలగానే యాప్ 'డిస్పోజ్డ్' అని చూపిస్తుంది, ఎవరో ఫైలు తీసి ముగిసిన కట్టల్లో పడేస్తారు. అసలు కేసు అప్పటికి మొదలే కాలేదు!

సొంత కోడ్ వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇక్కడే ఉంది. బిడ్డ పని కోర్టులో మాత్రమే ఉండదు. 24 గంటల్లోపు పోలీసులు బాలల సంక్షేమ సమితికి తెలపాలి, అక్కడొక ఫైలు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పరిహారం, అక్కడొక నంబరు. ఎఫ్‌ఐఆర్ అయిన దగ్గర్నుంచి మధ్యంతర పరిహారం అడగొచ్చు, అప్పటికి అసలు కేసుకు సీఎన్ఆరే ఉండదు. రేపు హైకోర్టు అప్పీలుకు ఇంకో నంబరు. ఇవన్నీ ఒక్క దారానికి కట్టేది ఆఫీసు కోడే.

'25/047-ఎ' చాలు: ఆఫీసుకు వచ్చిన ఏడాది, వరస సంఖ్య, బిడ్డకో అక్షరం. అక్కకు 'ఎ', చెల్లికి 'బి'. అందులో ఊరు, వయసు, సెక్షన్ కలపొద్దు. ముగిసిన ఫైలు కోడ్‌ను ఇంకొకరికి ఇవ్వొద్దు. ఏ కోడ్ ఎవరిదో పేజీ నంబర్లున్న బైండు రిజిస్టరులో రాసి బీరువాలో తాళం వేయాలి. కొత్త నంబరు వచ్చిన రోజే అందులో ఎక్కించాలి; వారం వాయిదా వేస్తే కోడ్ ఉట్టి అంకెలే.

లోటు ఒకటుంది, బెంచ్ క్లర్కుకు మన కోడ్ తెలియదు. అందుకే వాయిదాల డైరీలో ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరు, పక్కనే కోడ్ ఉండాలి, పేరు ఉండకూడదు.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌కూ కోడే పేరు. పెన్‌డ్రైవ్ పెట్టగానే జిరాక్స్ షాపు తెర మీద ముందు కనబడేది ఫైలు పేరే. ఫోన్‌లో తల్లి నంబరునూ కోడ్‌తోనే సేవ్ చేయాలి. మెసేజ్‌లో 'రేపు 10:30కి రండి' అంటే చాలు: నిందితుడు ఇంటివాడే అయితే తల్లి ఫోన్ ఎవరి చేతిలో ఉందో చెప్పలేం.