రిసార్టు సొంత బండ్లు: రెండేళ్ల వాడకం తర్వాత

మాకు కారు లేదు. నడపడం వచ్చినవాళ్లూ ఇంట్లో లేరు. విజయనగరం దాసన్నపేటలో ఉంటాం. నేను, మావారు ఇద్దరమూ ఉపాధ్యాయులమే. బడులు దగ్గర్లోనే ఉన్నాయి కాబట్టి మామూలు రోజులు ఆటోతో గడిచిపోతాయి. చిక్కంతా సెలవుల్లోనే. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు మూడేళ్ల కొడుకుతో దిగుతుంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు తననూ సముద్రానికి తీసుకెళ్లమంటారు. మా అమ్మాయితో కలిపి ఆరుగురం, మూడు తరాల వాళ్లం. నాతవలస దగ్గర జాతీయ రహదారి ఎక్కి, కొంత దూరం పోయాక సముద్రం వైపు మళ్లితే వచ్చే ఒక రిసార్టులో 2023లో సభ్యత్వం తీసుకున్నాం. నీటి ఆటలు, జెయింట్ వీల్, రాత్రి బస అన్నీ ఒకే ఆవరణలో ఉంటాయి. ఆ వేసవిలోనే వాళ్లు అతిథుల కోసం సొంత బండ్లు, వాటికొక యాప్ మొదలుపెట్టారు.

అప్పటి నుంచి 2025 అక్టోబరు దాకా మేము ఆ బండ్లను 46 సార్లు బుక్ చేశాం. నేను లెక్కల టీచర్ని. తేదీ, ఛార్జీ, ఎంతసేపు ఎదురుచూశామన్నది ప్రతిసారీ నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం పక్కన పెట్టుకునే ఇది రాస్తున్నాను. గదుల గురించి, ఆటల గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. బండ్ల గురించే.

ఇలాంటి ఏర్పాటు మన వైపు ఎందుకు అవసరమో ముందు చెప్పాలి. విజయనగరంలో యాప్‌లో క్యాబ్ పిలిస్తే విశాఖపట్నం వెళ్లడానికి ఎవరో ఒకరు వస్తారు. సముద్రపు ఒడ్డు పల్లెల వైపు అంటే మాత్రం వెనకాడతారు. అక్కడ దింపాక తిరిగి వచ్చేటప్పుడు ఎక్కేవాళ్లు ఉండరు, బండి ఖాళీగా రావాలి. అందుకే రెండు వైపుల ఛార్జీ అడుగుతారు. వాళ్ల బాధ వాళ్లది, కాదనను. బస్సులో వెళ్తే రహదారి మీద దిగి, సామాన్లు మోసుకుంటూ షేర్ ఆటో కోసం నిలబడాలి. అత్తగారితో అది అయ్యే పని కాదు. ఇక విజయనగరం నుంచి నేరుగా ఆటోలో పోదామంటే, లారీలు దూసుకుపోయే ఆరు వరుసల రహదారి మీద చిన్నపిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చోవడానికి నాకు ధైర్యం చాలదు.

రిసార్టు బండి ఈ ఇబ్బందులన్నిటినీ ఒక్కసారిగా తీర్చింది. విజయనగరం స్టేషన్ నుంచి గానీ ఇంటి నుంచి గానీ చిన్న కారుకు 650 రూపాయలు, ఆరుగురు పట్టే పెద్ద బండికి 950. పండగైనా, అర్ధరాత్రైనా అదే ధర. యాప్‌లో గది బుకింగ్ నంబరు కొడితే డ్రైవరు పేరు, బండి నంబరు, నాలుగు అంకెల సంకేతం వస్తాయి. ఆ అంకెలు చెబితేనే ప్రయాణం మొదలవుతుంది. డబ్బు ఫోనులో చెల్లించవచ్చు, గది బిల్లులో కలపమనీ అడగవచ్చు. యాప్ వాడలేనివారు రిసెప్షన్‌కు ఫోను చేసినా బండి పంపుతారు. మా అత్తగారికి నచ్చినది ఇదే. ఆవిడ తన మామూలు ఫోనులో ఆ నంబరు మొదటి మీటకు పెట్టించుకున్నారు. బండ్లన్నిటికీ పసుపు నంబరు పలకలే ఉన్నాయి. మొదటి రోజే చూసుకున్నాను. తెల్ల పలక ఉన్న సొంత కార్లను కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కు వస్తుంది. మీరు ఎక్కడ ఏ కిరాయి బండి ఎక్కినా ఈ ఒక్కటి చూడండి.

మొదటి ఏడాదిన్నరలో 24 సార్లు బుక్ చేస్తే ఒక్కటీ రద్దు కాలేదు. సగటున 14 నిమిషాల్లో బండి వచ్చేది. కానీ ఆ సేవ విలువ నాకు అర్థమైంది అంకెల్లో కాదు, 2024 అక్టోబరు 15న. ఆ రోజు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. దసరా సెలవులకు అందరం రిసార్టులో ఉన్నాం. పిల్లలను మావారి దగ్గర వదిలి, అత్తగారు, నేను బండిలో ఊళ్లోకి వచ్చాం. విజయనగరంలో ఆ మంగళవారం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. మూడులాంతర్ల దగ్గర అమ్మవారి గుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది, ఆ దారిలో ఇసుక వేస్తే రాలనంత జనం. చివరి తిరుగుడు అయ్యేసరికి అత్తగారికి కాళ్లు నిలవలేదు. గంటస్తంభం దగ్గర ఒక బట్టల దుకాణం మెట్ల మీద కూలబడిపోయారు. మందుల సంచి రిసార్టు గదిలో ఉండిపోయింది. దారులన్నీ మూసేశారు, బండి లోపలికి రాదు.

డ్రైవరుకు ఫోను చేశాను. "మామ్మగారిని అక్కడే కూర్చోబెట్టండమ్మా, నేనే వస్తాను" అన్నాడు. బండిని ఊరి అంచున నిలిపి, డిక్కీలోని మడత చక్రాల కుర్చీని భుజాన వేసుకుని, జనంలోంచి నడిచి వచ్చాడు. వచ్చిన వెంటనే బయలుదేరలేదు. జనం పలచబడేదాకా మాతోనే నిలబడి, అప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి నెమ్మదిగా తోసుకుంటూ తీసుకెళ్లాడు. మొత్తం రెండు గంటలకు పైనే పట్టింది. బిల్లు చూస్తే అదే 650. వంద రూపాయలు చేతిలో పెట్టబోతే "నాకు జీతం ఇస్తారమ్మా" అన్నాడు. "అమ్మవారే పంపింది నాయనా నిన్ను" అని అత్తగారు ఆ కుర్రవాడి తల నిమిరారు.

ఆ జీతం మాట నాలో ఉండిపోయింది. మా పిన్ని కూతురు ఫ్లోరిడాలో ఉంటుంది. అక్కడి వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో 2017లో మొదలైన మిన్నీ వ్యాన్ల గురించి తను అంతకుముందే చెప్పింది. ఎర్రటి బండి మీద తెల్లని పెద్ద చుక్కలు, అంటే మిన్నీ మౌస్ గౌను రంగులు. వాటిని లిఫ్ట్ అనే క్యాబ్ సంస్థ యాప్‌లోనే పిలుస్తారు, కానీ నడిపేది డిస్నీ సొంత ఉద్యోగులు. ఆరుగురు ఎక్కవచ్చు, పిల్లల సీట్లు రెండు ఎప్పుడూ బండిలోనే ఉంటాయి. మామూలు క్యాబ్‌లో మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు వెళ్లేవారిని నీటికి ఇవతల ఉన్న రవాణా కేంద్రం దగ్గర దింపుతారు, అక్కడి నుంచి మోనోరైలో పడవో ఎక్కాలి. మిన్నీ వ్యాను ఆ పార్కు ద్వారం దగ్గరిదాకా పోతుంది. కరోనా వల్ల 2020లో ఆగిపోయి, 2022లో మళ్లీ మొదలయ్యాయి. ఆ ఆవరణ దాదాపు వంద చదరపు కిలోమీటర్లు ఉంటుందట. ఉచిత బస్సులు అంతటా తిరుగుతున్నా పసిపిల్లలున్నవాళ్లు డబ్బు పెట్టి ఈ బండి ఎక్కుతారని చెప్పింది. విన్నప్పుడు రంగు మాత్రమే ముచ్చటగా అనిపించింది. నడిపేవాడు ఆ సంస్థ మనిషి కావడమే అసలు సంగతి అని సిరిమాను రోజున తెలిసింది.

2024 నవంబరులో మా రిసార్టు తన బండ్లను ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. యాప్ అదే, బండి మీద బొమ్మలు అవే, డ్రైవర్లకు జీతం పోయి ట్రిప్పుకు ఇంత అని వచ్చింది. స్థిరమైన ధర పోయి కిలోమీటరు లెక్క, దాని మీద రాత్రి అదనం, అరగంట దాటితే నిమిషానికి నాలుగు రూపాయల వెయిటింగ్ వచ్చి చేరాయి.

సంక్రాంతికి మా ఆడపడుచు రైల్లో వచ్చింది. రైలు ఆలస్యమై రాత్రి బాగా పొద్దుపోయింది, భుజం మీద పిల్లవాడు నిద్రపోతున్నాడు. నేను రిసార్టులో ఉండి బండి బుక్ చేశాను. ఒకతను ఒప్పుకుని రద్దు చేశాడు. రెండో అతను మా ఆడపడుచుకు ఫోను చేసి ఎక్కడికి అని అడిగి, "అటు వెళ్తే తిరుగు బేరం దొరకదు మేడం" అని రద్దు చేశాడు. రిసార్టు యాప్‌లో బుక్ చేసిన రిసార్టు బండి, రిసార్టుకు రానన్నది! గంటా పది నిమిషాలు తను ప్లాట్‌ఫారం బయట నిలబడింది. చివరికి స్టేషన్ దగ్గరి ఆటో ఆయన ఒకరు దాసన్నపేటలో మా పక్కింటివారి దగ్గర దింపాడు. నాకు ఆ రాత్రి కోపంతో నిద్ర పట్టలేదు. తెల్లవారాక ఆలోచిస్తే ఆ డ్రైవరు మీద కోపం నిలవలేదు. జీతం ఉన్నప్పుడు ఖాళీగా తిరిగి రావడం రిసార్టు ఖర్చు. ట్రిప్పు లెక్క వచ్చాక ఆ నష్టం తన జేబులోంచి పోతుంది. ఊళ్లో క్యాబ్‌లు ఏ కారణంతో రానంటాయో, సరిగ్గా ఆ కారణాన్నే రిసార్టు ఇంటికి తెచ్చుకుంది.

ఫిబ్రవరి 4న రథసప్తమికి అరసవల్లి వెళ్లాం. అర్ధరాత్రి దాటాక క్షీరాభిషేకం మొదలవుతుంది, ఆ వేళకు వరుసలో ఉండాలని అత్తగారి కోరిక. వరుసలో నిలబడినంతసేపూ నా చూపు ఫోనులోని గడియారం మీదే ఉంది, నిమిషానికి నాలుగు, నిమిషానికి నాలుగు అని. ఎదురుగా సూర్యనారాయణస్వామి నిజరూపం కనిపిస్తుంటే నేను మనసులో గుణకారం చేస్తున్నాను. ఆ దర్శనం నాకు దక్కలేదనే ఇప్పటికీ అనిపిస్తుంది. వెయిటింగ్ ఒక్కటే 1,360 రూపాయలు అయింది. బండ్లు కాంట్రాక్టరు చేతిలో ఉన్న ఆ ఏడు నెలల్లో 11 బుకింగుల్లో 5 రద్దయ్యాయి. బండి వచ్చినప్పుడు కూడా సగటున 37 నిమిషాలు ఆగాం.

నోటుపుస్తకంలోని మూడు పేజీలు ఫొటో తీసి మేనేజరుకు పంపాను. ఒక వారం జవాబు లేదు. తర్వాత ఆయనే ఫోను చేసి, వెయిటింగ్ డబ్బు తిరిగి వేయించారు. నాతోపాటు ఇంకా చాలామంది సభ్యులు రాశారని తర్వాత తెలిసింది. జూన్ నుంచి స్టేషన్ ప్రయాణాలకు, రాత్రి ప్రయాణాలకు, గుళ్లకు రోజంతా తీసుకెళ్లే ప్రయాణాలకు మళ్లీ జీతం డ్రైవర్లను పెట్టారు. పగటి పూట దగ్గరి ప్రయాణాలు ఇంకా కాంట్రాక్టరువే. ధర 780 అయింది, పెద్ద బండికి 1,150. పెరిగిన ధర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. జూన్ తర్వాత 11 సార్లలో ఒక్కటే రద్దయింది, అదీ పగటి ప్రయాణమే. సగటు 18 నిమిషాలు.

చిన్నపిల్లలున్నవారికి ఒక మాట. పిల్లల సీటు ఉంది, ఉచితమే, కానీ నాలుగు గంటల ముందు అడగాలి. అడగకపోతే ఇవ్వరు, గుర్తు కూడా చేయరు. ఇది మారాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ తగిన సీటు గానీ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా ఉంది. జరిమానా సంగతి అలా ఉంచండి, మా మేనల్లుడు ఆ సీట్లో కూర్చుంటే కిటికీలోంచి సరుగుడు తోటలు చూస్తూ పేచీ లేకుండా వస్తాడు.

యాప్‌లో పటం ఇప్పటికీ రిసార్టు వెనక గేటునే చూపిస్తుంది. అది పల్లెలోకి పోయే ఇసుక దారి, బండి దిగబడుతుంది. బుక్ చేసేటప్పుడు "ముందు గేటు" అని రాయండి. తోటల్లో సిగ్నల్ అందదు కాబట్టి బయలుదేరే ముందే సంకేతం అంకెలు కాగితం మీద రాసుకోండి.

ఇంకొక సంగతి నన్ను చాలాకాలం బాధపెట్టింది. బండ్లు మొదలైన కొత్తలో ఊరి ఆటోలను గేటు దగ్గర నిలవనివ్వలేదు. ఆ ఆటోల వాళ్లు చుట్టుపక్కల పల్లెల వాళ్లే, రిసార్టు కట్టకముందు నుంచీ ఆ దారిలో తిరుగుతున్నవాళ్లే. అతిథికి సౌకర్యం చేయడం మంచిదే, అందుకోసం ఊరివాడి కూడు తీయనక్కరలేదు. ఇప్పుడు గేటుకు ఎడమవైపు వేపచెట్టు కింద నాలుగు ఆటోలకు చోటిచ్చారు. రహదారి దాకా వెళ్లాలంటే మేము ఆటోనే ఎక్కుతాం. నాలుగు కిలోమీటర్లకు కారు ఎందుకు?

ఒక్కరో ఇద్దరో చేతిసంచితో వెళ్లేవారైతే పగలు బస్సు, ఆటో చాలు, ఇంత డబ్బు పెట్టవద్దు. పెద్దవాళ్లు, పసిపిల్లలు, రాత్రి రైలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా రిసార్టు బండే తీసుకోండి. బుక్ చేసేటప్పుడు జీతం డ్రైవరే వస్తున్నాడా అని రిసెప్షన్‌లో అడగండి, చెబుతారు.

2026 రథసప్తమి జనవరి 25న, ఆదివారం. అరసవల్లికి పెద్ద బండి ముందుగానే చెప్పాను, యాప్‌లో కాదు, రిసెప్షన్‌కు వెళ్లి. రానూ పోనూ ఒకే ధర, తెల్లవారేదాకా వెయిటింగ్ ఉండదని రసీదు మీద రాయించి సంతకం తీసుకున్నాను. డ్రైవరుకు రాత్రి భోజనం, నడుం వాల్చడానికి చోటు ఎవరు చూస్తారని అడిగితే రిసార్టే చూస్తుందన్నారు, అదీ రాయించాను. సిరిమాను రోజు వచ్చిన అబ్బాయే కావాలని అత్తగారు అడిగారు. డ్యూటీ పట్టీ చూసి, అతన్నే వేశారు.