పండగ ముందురోజు గానుగకు వెళ్ళకండి

టంగుటూరు నుంచి కొండపి వెళ్ళే దారిలో, పొగాకు ఆరబెట్టే బ్యారన్లు దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉంది. బోర్డు లేదు. వాకిట్లో పట్టా మీద ఎండబోసిన వేరుశనగ గుళ్ళే దానికి గుర్తు. 2022 దసరా నుంచి మా ఇంటికి నూనె ఆ గానుగ నుంచే వస్తోంది.

గానుగ నూనె ఒంటికి మంచిదా, రిఫైండు మంచిదా అన్న తగవులోకి నేను దిగను. నేను అక్కడికి వెళ్ళేది ఒక్క కారణానికే. మన గుళ్ళు మనమే పట్టుకెళ్ళి, ఎదురుగా కూర్చుని ఆడించుకోవచ్చు. పుచ్చులు, నల్లబడినవి, బూజు పట్టినవి ముందురోజు రాత్రే చాటలో పోసి ఏరేస్తాను. రోట్లో పోసిన గుళ్ళు ముందు పిండవుతాయి, తరువాత ముద్ద కడతాయి. అప్పుడు గానుగ నడిపే అతను చెంబులో చెయ్యి ముంచి అంచు వెంట నాలుగు చుక్కలు నీళ్ళు చిలకరిస్తాడు. ముద్ద రోటి గోడకు కరుచుకుంటుంది, మధ్యలో నూనె ఊరడం మొదలవుతుంది. మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు ఆ గోరువెచ్చని నూనె అరచేతిలో పోయించుకుని నాలుకకు రాసుకున్నారు. ఏమీ అనలేదు, రెండోసారి చెయ్యి చాపారంతే. (ఎద్దు ఏదని మాత్రం అడిగారు. ఒంగోలు గిత్తల పేరు చెప్పుకునే జిల్లాలో గానుగను మోటారు తిప్పుతుంటే ఆవిడకు నచ్చలేదు.)

పది కిలోల గుళ్ళకు నాలుగు కిలోల నూనె వస్తుంది, కాస్త అటూ ఇటూగా. నూనె నీళ్ళకన్నా తేలిక కాబట్టి లీటర్లలో కొలిస్తే నాలుగు దాటుతుంది. మొదట్లో ఇది తెలియక, నా మీద అభిమానంతో ఎక్కువ పోస్తున్నాడని సంబరపడ్డాను. నూనె తీశాక మిగిలే చెక్క పక్కింటి గేదెలకు పోతుంది, వారానికోసారి గిన్నెడు గడ్డపెరుగు తిరిగొస్తుంది.

ఇక అసలు సంగతి. 2024లో భోగికి ముందురోజు ఇంట్లో నూనె అడుగంటింది. ఆడపడుచు పిల్లలతో దిగింది, అరిసెలకు బియ్యం నానుతున్నాయి. పొద్దున్నే వెళ్ళి పది కిలోలు ఆడించుకొచ్చాను. "నాలుగు రోజులు ఎండలో పెట్టాక వాడుకోండమ్మా" అని అతను ప్రతిసారీ చెప్పే మాటే ఆ రోజూ చెప్పాడు. ప్రతిసారీ చెప్పే మాట కాబట్టే నా చెవికి ఎక్కలేదు.

సాయంత్రం పాకం పట్టి పిండి కలిపేశాము. బాణలిలో కొత్త నూనె. మొదటి అరిసె వేయగానే చిటపటలాడింది. రెండోది వేసేసరికి తెల్లని నురగ, పాలు పొంగినట్టే పైకి వచ్చింది. అరిసె కనిపించడం లేదు. అత్తయ్య చింతపండు చిన్న ఉండ చేసి అందులో వేశారు. నురగ ఒక్క నిమిషం తగ్గి, మూడో అరిసెకు మళ్ళీ లేచి బాణలి అంచు దాటింది. స్టవ్వు ఆపేశాను కాబట్టి సరిపోయింది. తీసి చూస్తే అరిసెలు పైన పచ్చి, కింద బొగ్గు. ఈలోపు పాకం పిండి గట్టిపడుతోంది. అది మన కోసం ఆగదు కదా. ఆడపడుచు ఒక్క మాట అనకుండా కొడుకును కొట్టుకు పంపించి నాలుగు నూనె ప్యాకెట్లు తెప్పించింది. ఏడాదిగా ఫోనులో ఆవిడకు ప్యాకెట్ నూనె మీద పాఠాలు చెప్పింది నేనే. ఆ రాత్రి మా ఇంట్లో అరిసెలన్నీ ప్యాకెట్ నూనెలోనే వేగాయి, చక్కగా వేగాయి కూడా.

కనుమ మరునాడు క్యాను పట్టుకుని పోట్లాటకే వెళ్ళాను. అతను ఏమీ మాట్లాడకుండా అప్పటికి వారం రోజులుగా తేరుతున్న ఇంకో డబ్బా తెచ్చి నా క్యాను పక్కన పెట్టాడు. అందులో పైన నూనె పలచని తేనెలా ఉంది, అడుగున వేలెడు మందాన మడ్డి. నాది ఇంకా మబ్బుగానే ఉంది. చిలకరించిన నీళ్ళ తడి, సన్నని పిండి దిగకముందే నూనెను పొయ్యి మీద పెట్టానన్నమాట. తడి ఆవిరై పైకి తంతుంది, మడ్డి ఆ బుడగలను పగలనివ్వదు.

"మరి తేరిన నూనె నాలుగు డబ్బాలు ఉంచి, తొందరలో వచ్చినవాళ్ళకు మార్చి ఇవ్వచ్చు కదా అన్నా?" అన్నాను. "మీ గుళ్ళ నూనె మీకు, వాళ్ళ గుళ్ళ నూనె వాళ్ళకు. కలిపితే రేపు మీరే అడుగుతారమ్మా" అన్నాడు. నేను అక్కడికి వెళ్ళే కారణాన్నే తీసి నా చేతిలో పెట్టాడు. తిరిగి ఏమీ అనలేకపోయాను. అయినా పండగ వారంలోనైనా అమ్మకానికి కొంత తేరిన నూనె ఉంచాలన్న నా ఫిర్యాదు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ తరువాత ఇంకో రెండు విషయాలు గమనించాను. తాలింపుకు, పచ్చళ్ళలోకి, వేడి అన్నంలో కందిపొడికి ఈ నూనెను మించింది నాకు దొరకలేదు. వంకాయ వేపుడుకూ ఇదే. గారెలకు, అప్పడాలకు మాత్రం బాగా తేరినది కూడా కాస్త నురగ పెడుతుంది, బాణలి సగమే నింపుకోవాలి. మా ఎండలకు మే నెలలో ఆడించిన నూనెకు మూడో వారం దాటితే కనరు వాసన మొదలవుతుంది. ప్లాస్టిక్ క్యాను మాని స్టీలు డబ్బాకు మారాక ఆ గడువు కొంత పెరిగింది. అందుకే ఎండాకాలంలో ఐదు కిలోలకు మించి ఆడించను.

మేము ఇంట్లో ముగ్గురమే, ఆ గానుగ మాకు నాలుగు కిలోమీటర్లు. చెక్క తీసుకునే గేదెలు పక్కింట్లోనే ఉన్నాయి. ఒంగోలులో ఉండే మా చెల్లెలు రెండుసార్లు వచ్చి మానేసింది. గుళ్ళు ఏరడం, ఎండలో పెట్టడం ఆమె ఫ్లాటులో కుదిరే పనులు కావు. ఆమెను నేను తప్పుపట్టను.

ఈసారి డిసెంబరు 28కే ఆడించుకొచ్చాను. డబ్బా మూతికి పాత ధోవతి గుడ్డ కట్టి మిద్దె మీద పెట్టాను. చలికాలపు ఎండ కదా, పది రోజులైనా అడుగు ఇంకా సరిగ్గా కనిపించడం లేదు. ఆడపడుచు ఎల్లుండి వస్తోంది.