పిలకాయలతో పార్కుకి పోయేవాళ్ళు ఆ బోటు మాత్రం ఎక్కొద్దు, దయచేసి చదవండి

అందరికీ ఒక మాట. సెలవులు కదా అని పిలకాయల్ని తీసుకుని ఊరి బయట హైవే పక్కన ఉండే ఆ పార్కుకి పోయేవాళ్ళు, అక్కడ బోటు ఎక్కొద్దు, ఎవర్నీ ఎక్కించొద్దు. ఏ పార్కో తిరుపతి వాళ్ళకి నేను విడిగా చెప్పనక్కర్లేదు. కంప్లైంట్ వేస్తా ఉన్నాం, అది తేలేదాకా పేరు రాయొద్దని మా ఆయన అన్నాడు కాబట్టి రాయడం లేదు. జరిగింది మాత్రం చెప్పకుండా ఉండలేను, ఇది టైప్ చేస్తా ఉంటే కూడా కోపంతో చేతులు వణుకుతా ఉన్నాయి.

మా వదిన వాళ్ళు కర్నూలు నుంచి దర్శనానికి వచ్చినారు. కొండ అయింది, తిరుచానూరు అయింది, పిలకాయలకి జూ పార్కు, సైన్స్ సెంటర్ కూడా అయిపోయినాయి, ఇంక "నీళ్ళల్లో ఆడుకోవాలత్తా" అని ఒకటే గోల. సరే పదండని అందరం బయల్దేరినాం, మా అత్తమ్మ కూడా. కౌంటర్ దగ్గర కాంబో టికెట్ అన్నారు, అన్ని రైడ్లూ అందులోనే అన్నారు. కౌంటర్ పైన ఇంత పెద్ద బోర్డు, పైనుంచి బోటు జర్రున జారి కిందికొచ్చి నీళ్ళు రెండు పక్కలా ఎగజిమ్మే ఫోటో. పిలకాయలు ఆ ఫోటో చూసే కదా అడిగింది. పెద్దలకి, పిల్లలకి అందరికీ కలిపి ఫోన్‌పే చేసినాం, చేతికి పేపర్ బ్యాండ్లు కట్టినారు.

లోపలికి పోతే ఆ పెద్ద బోటు రైడ్ దగ్గర అడ్డంగా తాడు కట్టి మెయింటెనెన్స్ అని కాగితం అంటించి ఉంది. ఈరోజే ఆగిపోయిందేమో అనుకోవడానికి కూడా లేదు. బోట్లు జారే తొట్టిలో చుక్క నీళ్ళు లేవు, పాచి ఎండిపోయి పెచ్చులు లేచి ఉంది, బోటుని పైకి లాగే బెల్టు తుప్పు పట్టి ఉంది, తొట్టి పగులులో నుంచి తుమ్మ మొక్క మోకాలెత్తు పెరిగి ఉంది. అంత మొక్క పెరగాలంటే ఎన్నాళ్ళు పడుతుందో ఎవరికైనా తెలుసు. మరి కౌంటర్లో ఉండే వాళ్ళకి తెలియదా? తెలిసే ఆ ఫోటో కింద కూర్చుని టికెట్లు కోస్తా ఉన్నారు. వెనక్కి పోయి అడిగితే "లోపల ఇంకో బోటు ఉంది కదమ్మా, దాంట్లో పోండి" అని తల కూడా ఎత్తకుండా చెప్పినాడు.

ఆ ఇంకో బోటు అంటే కుంటలో హంస బొమ్మ పెట్టి, కాళ్ళతో తొక్కే పెడల్ బోటు. నీళ్ళు పచ్చగా, అంచుల్లో చిప్స్ కవర్లు, దగ్గరికి పోతేనే వాసన. ఆ వాసనైనా ఓర్చుకోవచ్చు. లైఫ్ జాకెట్లు చూడాలి మీరు. ఒక మూల కుప్ప పోసి ఉన్నాయి, తడిగా, నారింజ రంగు పోయి తెల్లబడి. నాకిచ్చిన దానికి బకిల్ లేదు, దాని జాగాలో పురికొస ముడేసి ఉంది. బాబుకి ఆరేళ్ళు, వాడికి పెద్దవాళ్ళ జాకెట్టే వేసినారు, చిన్న సైజు లేదంట. భుజాల దగ్గర పట్టుకుని కొంచెం పైకి లాగితే చెవుల దాకా వచ్చేసింది, అట్లాంటిది నీళ్ళల్లో పడితే జాకెట్ పైకి తేలుతుంది, వాడు కిందికి జారిపోతాడు. నేను వద్దన్నాను. "ఏం కాదు మేడమ్, గట్టిగా కడతా, ఉండండి" అని అక్కడ బోట్ల దగ్గర పనికి ఉండే పిల్లోడు ఇంకో పురికొస తెచ్చి బాబు నడుముకి చుట్టినాడు. పిలకాయలేమో అప్పటికే బోటు దగ్గర గెంతులేస్తా ఉన్నారు.

బోటులో కాళ్ళ దగ్గర ఒక ప్లాస్టిక్ మగ్గు ఉంది. నీలం రంగుది, బాత్‌రూమ్ మగ్గు. ఇదెందుకన్నాను. "ఎండకి కాళ్ళు కాలితే నీళ్ళు పోసుకోడానికి మేడమ్" అన్నాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

నేనూ వదినా ముందర తొక్కుతా ఉన్నాం, వెనక సీట్లో అత్తమ్మ, పక్కన పిలకాయలిద్దరూ. మా ఆయన ఒడ్డున ఫోటోలు తీస్తా ఉన్నాడు. మధ్యలోకి పోయేసరికి వెనకనుంచి పాప "అత్తా, నా చెప్పులు తేలుతున్నాయి" అనింది. తిరిగి చూస్తే నిజంగానే తేలుతా ఉన్నాయి. చీలమండల దాకా నీళ్ళు. నేనేమో పైనుంచి చిందినవేమో అనుకుంటా ఉన్నా, అవి కింద నుంచి ఊరుతా ఉన్నాయి. వెంటనే ఒడ్డుకి తిప్పుదామని గట్టిగా తొక్కితే టక్ మని శబ్దం, పెడల్ ఊరికే తిరగడం మొదలుపెట్టింది, వెనక చక్రం తిరగడం లేదు. బోటు కుడిపక్కకి వాలిపోతా ఉంది, అత్తమ్మ కూర్చున్న పక్కకి. ఆమె గోవిందా గోవిందా అంటా రెండు చేతులతో బాబుని పట్టేసుకునింది. వదిన ఆ మగ్గు తీసుకుని నీళ్ళు తోడడం మొదలుపెట్టింది. అప్పుడు అర్థమైంది నాకు మగ్గు ఎందుకు పెట్టినారో.

మేం అరుస్తా ఉంటే ఒడ్డున ఆ పిల్లోడు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్ చూస్తా కూర్చున్నాడు. మా ఆయన పరిగెత్తి పోయి భుజం పట్టి ఊపితే గానీ లేవలేదు. ఇంకో బోటులో వచ్చి తాడు కట్టి లాక్కుపోయినాడు. ఒడ్డు చేరేదాకా వదిన తోడతానే ఉంది. ఒక్క విజిల్ లేదు, ఒక్క గాలి ట్యూబ్ లేదు, ఈత వచ్చిన మనిషి ఒక్కడు లేడు అక్కడ. ఆ పిల్లోడికి కూడా ఈత రాదంట, తర్వాత వాడే చెప్పినాడు. వాడి మీద నాకు పెద్ద కోపం లేదు, పదహారో పదిహేడో ఉంటాయి, రోజు కూలికి పెట్టుకున్నారు, ఏమీ నేర్పకుండా ఇన్ని ప్రాణాలు వాడి చేతిలో పెట్టినారు. నా కోపం అంతా ఆ తర్వాత వచ్చిన మేనేజర్ మీద.

తడిసిపోయి, పిలకాయలు ఏడుస్తా, అత్తమ్మ మెట్ల మీద కూలబడి ఉంటే ఆ మనిషి వచ్చి మా వైపు కూడా చూడలేదు, నేరుగా బోటు దగ్గరికి పోయి పెడల్ కదిలించి చూసి, "పిన్ను విరగ్గొట్టినారు, పిల్లలు ఎక్కి తొక్కినట్టున్నారు, డ్యామేజీ పదిహేను వందలవుతుంది, ఆఫీసులో కట్టి పోండి" అన్నాడు.

నాకు ఒక్క నిమిషం వినపడింది నిజమేనా అనిపించింది. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడగలేదు. మంచినీళ్ళు కావాలా అనలేదు. ముసలామె వణుకుతా ఉంటే కుర్చీ వెయ్యమనలేదు. మొదటి మాటే డబ్బులు కట్టమని. మా ఆయన మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఆయన కూడా "ఏమన్నా, మనిషివేనా నువ్వు" అని అరిచేసినాడు. దానికి ఆ మేనేజర్ అత్తమ్మ వైపు తిరిగి "నడుముల్లోతు నీళ్ళేనమ్మా, లేచి నిలబడితే సరిపోయేది, దీనికి ఇంత రాద్ధాంతం ఎందుకు" అన్నాడు.

మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. సోఫాలో నుంచి లేవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. పాచి పట్టిన కుంటలో, వాలిపోయే బోటులో నుంచి ఆమె లేచి నిలబడాలంట. నేను బాబుని చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఆ మేనేజర్ పక్కన నిలబెట్టినాను. నీ నడుము ఎక్కడుంది, వీడి ముక్కు ఎక్కడుంది చూడు, నువ్వే చూడు అన్నాను. వాడి ముక్కు ఆయన బెల్టు దగ్గరికి వచ్చింది. చుట్టూ చేరిన జనం అందరూ చూసినారు. ఆయన మాత్రం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అప్పుడడిగినాను, బోటు కారుతుందని తెలియకపోతే దాంట్లో మగ్గు ఎందుకు పెట్టినారని. మేనేజర్ నోరు తెరవకముందే ఆ పిల్లోడు అమాయకంగా "అన్ని బోట్లలో పెడతాం మేడమ్" అన్నాడు. పోయి చూస్తే నిజమే. ఒడ్డున కట్టేసిన ప్రతి హంసలో ఒక మగ్గు. అంటే అన్నీ కారేవే. అన్నీ కారతాయని వీళ్ళకి తెలుసు. తెలిసే రోజూ పిలకాయల్ని ఎక్కిస్తా ఉన్నారు, రిపేరు చేయించే ఖర్చుకి బదులు మగ్గులు కొన్నారు. ఇంటికొచ్చినా నా కళ్ళ ముందర నుంచి పోనిది ఇదే. మర్చిపోయినారు, చూసుకోలేదు అంటే ఎక్కడో ఒక చోట క్షమిస్తాం. ఇది తెలిసి చేసిన పని.

మా తమ్ముడు ఫైబర్‌గ్లాస్ పని చేస్తాడు, తీసిన ఫోటోలు చూపిస్తే వాడు చెప్పినాడు. ఇట్లాంటి బోట్లు చాలావాటికి రెండు పొరలుంటాయంట, మధ్యలో ఖాళీ. కింద పొర పగిలితే నీళ్ళు ముందు ఆ ఖాళీలోకి పోతాయి, పైకి కనపడదు, బరువెక్కి ఒక పక్కకి వాలడం మొదలయ్యాకే తెలుస్తుంది. ఒడ్డుకి లాగి, ఆరబెట్టి, పగులు గీకి, ఫైబర్ మ్యాట్ వేసి దాని మీద రెజిన్ అనే గట్టిపడే జిగురు పూయాలంట. వీళ్ళు చేసిందేమో పగుళ్ళ మీద ఎంసీల్ ముద్దలు అతికించడం. ఫోటోలో స్పష్టంగా కనపడతా ఉన్నాయి, ఒక దాని మీద ఒకటి, రంగు కూడా వేయలేదు.

కుంటే కదా, గోదావరా ఏమన్నానా అనే వాళ్ళకి ఒక మాట. 2024 జనవరి 18న వడోదరలో హర్నీ చెరువులో పడవ తిరగబడి 12 మంది బడి పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయినారు. అది ఊర్లో ఉండే చెరువే, పిక్నిక్‌కి పోయిన పిల్లలే. కెపాసిటీకి మించి ఎక్కించినారు, అందరికీ లైఫ్ జాకెట్లు ఇవ్వలేదు. మన రాష్ట్రంలో 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం, ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో అనుమతి లేని బోటు తిరగబడింది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట అనే టూరిస్టు బోటు మునిగింది. అప్పుడు మనమందరం టీవీల ముందు కూర్చుని ఏడ్చినాం. నాలుగు రోజులు తనిఖీలు, బోట్లు ఆపడాలు, తర్వాత మామూలే. నదుల మీద తిరిగే బోట్లనైనా అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఆపి అడుగుతారు, ఈ పార్కుల్లో కుంటల్లో తిరిగే వాటిని అడిగే నాథుడు లేడు. పిల్లలు మునగడానికి నది కావాల్నా? ఆరేళ్ళ వాడికి ఆ మేనేజర్ చెప్పిన నడుముల్లోతు చాలదా?

చివరికి జనం గట్టిగా అడిగేసరికి డ్యామేజీ మాట వదిలేసినాడు. టికెట్ డబ్బు మాత్రం ఇవ్వలేదు, గోడ మీద "డబ్బు వాపసు ఇవ్వబడదు" అనే బోర్డు చూపించినాడు, దాని కింద "రైడ్లు ఎక్కేవారు తమ సొంత బాధ్యతపై ఎక్కవలెను" అని ఇంకొకటి. బోర్డు రాసి పెట్టినంత మాత్రాన అయిపోదండీ. నడవని రైడ్‌కి డబ్బు తీసుకోవడం, కారే బోటు ఎక్కించడం సేవా లోపమే, 2019 వినియోగదారుల చట్టం కింద అడగొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, నేను చేసినాను, కంప్లైంట్ నంబర్ ఇచ్చినారు. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాం, కట్టిన డబ్బు 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు, రెండేళ్ళలోపు వేయాలి. ఆ కాంబో డబ్బు కోసం కాదు నేను ఇదంతా చేసేది, ఆ బోట్లు ఒడ్డుకి ఎక్కాలి, అంతే.

వేరే ఎక్కడ బోటు ఎక్కినా సరే, ముందు అడుగున నీళ్ళున్నాయా చూడండి, పిల్లల సైజు జాకెట్ లేకపోతే ఎక్కించొద్దు, ఈత వచ్చిన మనిషి ఒడ్డున ఉన్నాడా అడగండి, మగ్గో డబ్బానో కనపడితే అక్కడి నుంచే వెనక్కి రండి. డబ్బు కట్టే ముందు లోపల ఏ రైడ్లు తిరుగుతా ఉన్నాయో బయటికొచ్చే వాళ్ళని అడగండి, కౌంటర్లో వాళ్ళని కాదు. టికెట్టు, బ్యాండు, బోర్డు అన్నీ ఫోటో తీసుకోండి.

ఇదే పార్కులో మీకు కూడా ఇట్లా జరిగి ఉంటే తేదీ, టికెట్ ఫోటోతో నాకు మెసేజ్ పెట్టండి, మా కంప్లైంట్‌తో పాటు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల దగ్గర కూడా ఇవ్వాలనుకుంటా ఉన్నాం. ఎంత ఎక్కువ మంది ఉంటే అంత మంచిది. అదే బోటు ఎక్కి ఏమీ జరగకుండా ఇంటికొచ్చిన వాళ్ళు కూడా, బోటులో మగ్గు చూసినట్టు గుర్తుంటే చెప్పండి, ఆ ఒక్క మాట చాలు మాకు.