"ఫుల్ పవర్ సార్" అన్న మాట నమ్మి గేమింగ్ ల్యాప్‌టాప్ కొన్నాను. మీరు కొనకండి

ల్యాప్‌టాప్ అమ్మినవాడితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను. ఇంకా కోపం దిగలేదు. అక్షరాల తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆన్‌లైన్‌లో సేల్ పెట్టిన ప్రతిసారీ మొదటి వరసలో కనపడతాడే, ఆ సెల్లరే. రేటింగ్ 4.6. పేరు రాయను, రాయకపోయినా మీలో సగం మందికి ఈపాటికే అర్థమైపోయుంటుంది. ఆర్‌టీఎక్స్ 4050 (గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు) ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్, 42 శాతం తగ్గింపు, తీసుకుందామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు ఇది చదివాక డబ్బు కట్టండి. నేనైతే కట్టేశాను, నా పని అయిపోయింది.

నా పాత ల్యాప్‌టాప్‌కి మూత కీలు విరిగింది, స్క్రీన్‌ని గోడకి ఆనించి వాడుతున్నాను. ఆ టైంలో ఇది కనపడింది. ఐ5-12450హెచ్ ప్రాసెసర్, 6 జీబీ 4050, సెకనుకి 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ స్క్రీన్. పైన ఎర్రరంగులో గడియారం వెనక్కి నడుస్తోంది, పదకొండు నిమిషాలే ఉన్నాయట. కింద "ఇంకా 1 మాత్రమే మిగిలి ఉంది". అంత తొందరలోనూ నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. ప్రశ్నలు అడిగే చోట "గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు?" అని రాశాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "ఫుల్ పవర్ సార్", పక్కన కండ చూపించే బొమ్మ.

కండ చూసి కొన్నాను. అంకె అడిగినవాడికి బొమ్మ చూపిస్తే చాలింది.

వాట్ల గొడవేంటి అనేవాళ్ల కోసం రెండు ముక్కలు. ల్యాప్‌టాప్‌లో 4050 అనేది ఒక్కటే రకం కాదు. అదే చిప్పుని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎంతలోనైనా నడపొచ్చని తయారుచేసిన ఎన్‌విడియా వాళ్లే రాసుకున్నారు. ఆ మధ్యలో ఎంత ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ తన మోడల్ మందాన్ని బట్టి, ఫ్యాన్లని బట్టి పెట్టుకుంటుంది. దాన్నే టీజీపీ అంటారు. కాబట్టి ఒకటి రొప్పుతూ నడిచే 4050, ఇంకొకటి పరిగెత్తే 4050, రెండింటి మీదా అదే స్టిక్కర్, అదే పేరు. పేరు గొప్ప ఊరు దిబ్బ. ఒకప్పుడు కరెంటు తగ్గించి పెట్టిన వాటికి పేరు చివర మ్యాక్స్-క్యూ అని ఉండేది, కనీసం చూడగానే తెలిసేది. 2021లో ఎన్‌విడియా 30 సిరీస్ కార్డులు వచ్చినప్పటి నుంచి ఆ తోక పేరులో లేదు. ఇప్పుడు వాట్లు వెతుక్కోవాల్సింది మనమే.

ఇదంతా నాకు ముందే తెలుసు. అదే మంట. ఆఫీసులో ఎవరు ల్యాప్‌టాప్ కొన్నా నన్నే అడుగుతారు, నేను కాళ్లు చాపుకుని ఉపన్యాసం ఇస్తాను. ఆరోజు మా తమ్ముడు పక్కనే కూర్చుని "అన్నా, ఫుల్ పవర్ అంటే ఎంత?" అన్నాడు కూడా. "నాకు తెలుసులేరా, నువ్వు నీ పని చూసుకో" అన్నాను. వాడిప్పుడు ఏమీ అనట్లేదు. అనకుండా గదిలోకి వచ్చి, స్క్రీన్ వైపు ఓసారి చూసి వెళ్లిపోతున్నాడు. తిడితేనే నయంగా ఉండేది.

సరే, వచ్చింది. పెట్టె బాగుంది, సీలు బాగుంది, కీబోర్డు కింద లైట్లు వెలిగాయి. రాత్రి గేమ్ పెట్టాను. కొనేముందు నేను చూసిన టెస్ట్ వీడియోలో సెకనుకి 90 దగ్గర ఆడిన ఫ్రేములు నా దగ్గర అవే సెట్టింగుల్లో 55 దాటట్లేదు. మధ్యమధ్యలో గుటక పడ్డట్టు ఆగి, మళ్లీ కదులుతోంది. డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేశాను. పవర్ మోడ్ పైకి తోశాను. వేడెక్కుతోందేమో అనుకుంటే అదీ లేదు, 70 డిగ్రీలు కూడా దాటట్లేదు. చల్లగా కూర్చుని పనిచేయట్లేదు మహానుభావుడు. అప్పుడు తెరిచాను ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఒక వరస ఉంటుంది, మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని. దాని ఎదురుగా 45.

నమ్మలేక టేబుల్ కిందకి దూరి అడాప్టర్ బయటకి లాగాను. ఫోన్ టార్చి వేసి చూస్తే నల్ల ప్లాస్టిక్ మీద బూడిదరంగు చీమ అక్షరాలు, ఔట్‌పుట్ 20 వోల్టులు, 6 ఆంపియర్లు. గుణిస్తే 120 వాట్లు. ప్రాసెసరు, స్క్రీను, ఫ్యాన్లు, బ్యాటరీ చార్జింగు, గ్రాఫిక్స్ కార్డు అన్నీ కలిపి ఆ 120లోనే బతకాలి. ఇందులోంచి 115 ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే ఎక్కడ్నించి వస్తుంది? ఇటుకరాయి లాంటి ఆ అడాప్టర్ ఫొటో సెల్లర్ పేజీలో ఏడో బొమ్మగా ఉంది. నేను నాలుగో బొమ్మ దగ్గర ఆగిపోయాను.

పొద్దున్నే సెల్లర్‌కి ఫోన్ చేశాను. ఇక్కడ జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"చెప్పండి సార్" అన్నాడు. ఆర్డర్ నంబరు చెప్పాను. ఫుల్ పవర్ అన్నారు కదండీ, 45 వాట్లే చూపిస్తోంది అన్నాను.

"45 ఫుల్లే కదా సార్."

"4050కి 115 దాకా ఉంటుందండీ."

"అది వేరే ల్యాప్‌టాప్ బ్రదర్. దీనికి 45యే ఫుల్లు. ఫుల్ పవర్ అన్నాం, ఫుల్ పవరే పంపించాం."

రెండు క్షణాలు నాకు మాట రాలేదు. ఎందుకంటే లెక్క ప్రకారం వాడన్నది అబద్ధం కాదు! చెంబు నిండినా నిండినట్టే, బిందె నిండినా నిండినట్టే. నేను బిందె అనుకున్నాను, వాడు చెంబు నింపి పంపాడు. తేరుకుని "నేనడిగింది ఎన్ని వాట్లని. అంకె అడిగితే అంకె చెప్పాలి కదా" అన్నాను.

"అంకె చెప్తే కొనేవాడివా నువ్వు?"

ఇదీ మాట. కొనకముందు సార్, డబ్బు పడ్డాక బ్రదర్, నోరు తెరిచి అడిగాక నువ్వు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాను గానీ, ఏటి మధ్యలోనే మనల్ని తెప్ప మీంచి తోసేసినవాణ్ని ఇప్పుడే చూడ్డం. అరిచాడా అంటే అరవలేదు. తాపీగా, నిజంగానే జవాబు తెలుసుకోవాలని ఉన్నట్టు అడిగాడు. దానికి నా దగ్గర జవాబు కూడా లేదు, కొనేవాణ్ని కాదు కాబట్టి.

పై వాళ్లతో మాట్లాడతాను, లైన్లో ఉండు అన్నాడు. హోల్డ్‌లో పెట్టానని అనుకున్నాడు, పెట్టలేదు. పక్కవాడితో అంటున్నాడు: "మళ్లీ వాట్ల బ్యాచ్ రా." ఇద్దరూ నవ్వారు. తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు, ఎవరో ఇంకో ఫోనెత్తి "సార్ చెప్పండి సార్, ఉంది సార్, లాస్ట్ పీస్ సార్".

వాట్ల బ్యాచ్. అంటే నేను మొదటివాణ్ని కాదు. మాకొక పేరు కూడా పెట్టుకున్నారు.

మళ్లీ లైన్లోకి వచ్చి, స్లోగా ఉండటం డిఫెక్ట్ కాదు, కావాలంటే రిటర్న్ పెట్టుకో అన్నాడు. పెట్టుకున్నాను. అప్పుడు తెలిసింది, ఈ వస్తువు మీద "రీప్లేస్‌మెంట్ ఓన్లీ" అని రాసుందట. డబ్బు వెనక్కి రాదు, చెడిపోతే ఇంకో పీసిస్తారు. అదీ టెక్నీషియన్ వచ్చి చెడిపోయిందని రాస్తేనే. టెక్నీషియన్ పాపం మంచి కుర్రాడు. పెన్‌డ్రైవ్ పెట్టి టెస్ట్ నడిపాడు, అన్నీ ఆకుపచ్చ టిక్కులే వచ్చాయి. "అన్నా, ఏ భాగమూ పాడవలేదు, నేను పాడైందని రాయలేను" అన్నాడు. నిజమే, పాడవలేదు. పుట్టుకే అంత. ఒకవేళ మార్చినా ఇంకో 45 వాట్లదే వస్తుందిగా, దాన్నేం చేసుకోను?

సరే, కనీసం వాడి జవాబుని సాక్ష్యంగా పెడదామని ప్రశ్నల పేజీ తెరిచాను. నా ప్రశ్న లేదు. కండబొమ్మ లేదు. నా ప్రశ్నకి పైన ఉన్న "బ్యాగు ఫ్రీగా వస్తుందా" ఉంది, కింద ఉన్న "నలుపు రంగు ఉందా" ఉంది, మధ్యలో నాదొక్కటే మాయం. స్క్రీన్‌షాట్ తీసుకున్నావా అని అడగకండి. రోజుకి నలభై పనికిరాని స్క్రీన్‌షాట్లు తీసే ఫోన్ నాది.

ఆ గుటకలు పడటం సంగతి కూడా తేలింది. 8 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, రెండో స్లాట్ ఖాళీ. సింగిల్ చానెల్, అంటే డేటా ఒక్క దారిలోనే నడవాలన్నమాట. విండోసూ బ్రౌజరూ కలిసి సగం మింగేస్తే గేమ్‌కి మిగిలేదెంత? స్క్రీన్ 144 హెర్ట్జే, అందులో మోసం లేదు, కాకపోతే రంగులు కొలిచే ఎన్‌టీఎస్‌సీ లెక్కలో 45 శాతమే, వెలుతురు 250 నిట్లే. ఎరుపు ఇటుక రంగులో కనపడుతుంది, పగలు కిటికీ పక్కన కూర్చుంటే నా ముఖమే కనపడుతుంది. ఈ రోజుల్లో నా ముఖం నాకే చూడబుద్ధి కావట్లేదు. ఇవన్నీ పేజీలో ఉన్నాయి. "మరిన్ని వివరాలు" నొక్కి, అట్టడుగుకి వెళ్తే ఉన్నాయి. వాట్లు మాత్రం అక్కడ కూడా లేవు.

ఇంతకీ ఇది కొనదగ్గ వస్తువేనా అంటే, కోపం పక్కనపెట్టి చెప్తాను. ఆఫీసు పని, చదువు, ఆన్‌లైన్‌లో నలుగురూ ఆడే తేలికపాటి షూటింగ్ గేమ్‌లు, వీటికి ఢోకా లేదు. ఇంకో 8 జీబీ స్టిక్ వేస్తే కాస్త కుదురుకుంటుంది కూడా. 45 వాట్ల ల్యాప్‌టాప్ అని చెప్పి, దానికి తగ్గ ధరకి అమ్మితే తిట్టడానికేమీ లేదు. పెద్ద గేమ్‌లు ఆడదామని కొంటే మాత్రం ఏడుపే. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060 కార్డు పూర్తి వాట్లలో నడుస్తుంటే దాని ముందు ఈ 45 వాట్ల 4050 నిలబడదు. ప్రాసెసర్ కూడా 2022 నాటిది, ఎనిమిది కోర్లంటాడు గానీ అందులో బలమైనవి నాలుగే, మిగతా నాలుగూ చిన్నవి. ఇక ఆ 42 శాతం తగ్గింపు ఏ ధర మీద అని చూద్దామని పాత ధరలు చూపించే సైట్‌లో వెతికాను. కొట్టేసిన ఆ పెద్ద అంకెకి ఇది గత నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా అమ్ముడవలేదు. సేల్ ముందు వారం కూడా ఇదే ధర. నేను పదకొండు నిమిషాల్లో పరిగెత్తి పట్టుకున్న బస్సు అసలు కదల్లేదు.

కొనేవాళ్లకి, నాకు ఓపిక ఉన్నంతలో: వాట్లు అంకెలో అడగండి, ఫుల్లు, హై, మ్యాక్స్ అంటే వదిలేయండి. మోడల్ నంబరు పూర్తిగా తీసుకుని కంపెనీ సొంత పేజీలో టీజీపీ చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే ల్యాప్‌టాప్. అడాప్టర్ వాటేజ్ చూస్తే సగం గుట్టు అక్కడే బయటపడుతుంది. రిటర్న్ అంటే డబ్బు వెనక్కా, పీసు మార్పిడా అన్నది కట్టకముందే చదవండి. వాడు రాసిన ప్రతి ముక్కకీ స్క్రీన్‌షాట్. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, నాకైతే అది కూడా పనికిరాలేదనుకోండి, ఎందుకంటే పెట్టెలో అన్నీ ఉన్నాయి.

వాట్ల బ్యాచ్‌లో మిగతావాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ ఆర్డర్ తేదీ, మీకు వాడిచ్చిన జవాబు దాచుకుని ఉంటే అదీ పంపండి. వినియోగదారుల ఫిర్యాదు ఒకటి రాస్తున్నాను, ఒక్కడి మాట కన్నా పదిమంది మాట మేలు.

ఇప్పుడే మళ్లీ ఆ పేజీ తెరిచి చూశాను. గడియారం కొత్తగా పదకొండు నిమిషాల నుంచి మొదలైంది. కింద ఇంకా 1 మాత్రమే మిగిలి ఉందట.